ఇంకో నీళ్ళు

ఆయన పోయిన కబురు నాకు పాలు పోసే ఆమె ద్వారా తెలిసింది. తెలిసేసరికి పెద్దకర్మ రోజు కూడా వచ్చేసింది. తిరుపతిలో స్టేషను దగ్గరి సందులో మా రెండు కుటుంబాలూ ఒకే ఆవరణలో కాపురమున్నాయి. ముందు వైపు ఆయన ఫోటో స్టూడియో, ఇల్లు. వెనక రెండు గదులు మావి. నడిమధ్యన రెండిళ్ళకూ కలిపి ఒకటే కొళాయి. మేము ఇల్లు మారి చాలా ఏళ్ళయింది. అయినా ఒక కొళాయి దగ్గర బిందెలు పెట్టి పోట్లాడుకున్న బంధుత్వం ఎక్కడికి పోతుంది? చీర మార్చుకుని బయల్దేరాను.

వాకిట్లో కుర్చీ మీద ఆయన ఫోటో పెట్టి దండ వేశారు. ఎవరిదో పెళ్ళి గుంపు ఫోటోలో వెనక వరసలో నిలబడ్డ మనిషిని కత్తిరించి పెద్దది చేయించినట్టున్నారు. పక్కవాడి భుజం ఒకటి అట్లాగే ఉండిపోయింది. ముక్కూ నోరూ కలిసిపోయి ఎవరో తెలియడం లేదు. కొత్తగా వచ్చిన కలర్ ల్యాబులో ఒక్క గంటలో చేసిచ్చారని ఆయన కొడుకు వచ్చినవాళ్ళందరికీ చెబుతున్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఊళ్ళోవాళ్ళ ముఖాలను పొద్దస్తమానం నీళ్ళలో కడిగి కడిగి ఇచ్చిన మనిషికి చివరికి దక్కింది ఆ ఒక్క గంట.

ఆయన ఫోటో తీయడం నాకు పెద్దగా గుర్తులేదు. కడగడమే గుర్తు. పంచె ఎగగట్టి, కొళాయి పక్క సిమెంటు తొట్టి ముందు గొంతుక్కూర్చుని, ఫోటోలను ఒక్కొక్కటే అంచు పట్టుకుని తిప్పుతూ ఉండేవాడు. నీళ్ళు పారబోసేవాడు, మళ్ళీ పోసేవాడు. చాలనిపించినప్పుడు ఒక ఫోటో పైకెత్తి మూల నుంచి కారే చుక్కను వేలి మీద పట్టుకుని నాలుకకు రాసుకునేవాడు. మందు రుచి తగిలినా తగలకపోయినా అనేది ఒకటే మాట. "ఇంకో నీళ్ళు."

ఆ మాట ఆయనకు ఊతపదమైపోయింది. నేను బియ్యం కడుగుతుంటే దారిన పోతూ "ఇంకో నీళ్ళు పొయ్యమ్మా" అనేవాడు. వాళ్ళావిడ గుడ్డలు జాడిస్తుంటే అదే మాట. ఆమె ఒకసారి తడిగుడ్డ విసిరికొట్టి, "ఇంకో నీళ్ళు, ఇంకో నీళ్ళు! నీళ్ళు నీ అత్తగారింటి నుంచి వస్తాండాయా?" అని అరిచింది. "మా అత్తగారింట్లో నీళ్ళే ఉంటే నిన్నెందుకు ఈడికిస్తారే" అన్నాడు. ఆమె నవ్వింది, ఆయన నవ్వలేదు. నవ్వించే మాటలన్నీ ఏడుపు ముఖంతో అనడం ఆయన అలవాటు.

కొండ మీద గుండ్లు చేయించుకుని దిగినవాళ్ళు చందనం రాసుకున్న తలలతో స్టూడియో ముందు వరసకట్టేవాళ్ళు. అందరికీ రైలు తొందర. ఆయనకు తొందరంటే అసహ్యం. "రైలు ఇంకోటి వస్తాది నాయనా, మొగం ఇంకోటి రాదు. రేపు రాండి" అనేవాడు. రేపు వాళ్ళెక్కడుంటారు? సగం మంది ఎదురుగా ఉన్న ఇంకో స్టూడియోకు పోయేవాళ్ళు. ఒకసారి పోలీసాయన ఒకరు యూనిఫారంలో వచ్చి ఫోటో అప్పటికప్పుడు కావాలని బల్ల గుద్దాడు. ఈయన తొట్టి దగ్గరికి తీసుకుపోయి నీళ్ళలో ఆడుతున్న ఆయన ముఖాన్నే చూపించి, "ఇప్పుడు బయటికి తీస్తే నాలుగేండ్లకు కామెర్లు వచ్చినట్ల పచ్చగవతారు సార్, మీ ఇష్టం" అన్నాడు. పోలీసాయన నోరు మూసుకుని స్టూలు మీద కూర్చున్నాడు.

కాయితం మీద బొమ్మను తేల్చే డెవలపరు మందులు కలపడం ఇంకో తంతు. కలిపేటప్పుడు ఎవరైనా పలకరిస్తే ఊరుకునేవాడు కాదు. ఒకసారి నేను కాఫీ తీసుకుపోయి నిలబడితే, ఏ కళన ఉన్నాడో, తనే చెప్పుకొచ్చాడు.

"అన్నీ తెల్లగనే ఉంటాయి, అన్నీ నీళ్ళలో కరిగేటివే. వరస తప్పితే మాత్రం ఒకటి ఉంటే ఇంకోటి కరగదు. ఇదో, ఈ మెటాల్ ముందు పొయ్యాల, గోరెచ్చటి నీళ్ళల్లో. ఇది కరిగినాకనే సల్ఫైటు. ముందే సల్ఫైటు పోసినామనుకో, ఇది అలిగి గింజలు గింజలుగా తేలతాది. నీ కోడలికీ నా కోడలికీ పడనట్ల."

"నాకు ఇంకా కొడుకే లేడు కదన్నా, కోడలు ఎక్కడిది?" అన్నాను.

"వస్తాడులే" అన్నాడు.

అప్పుడు నాకు మూడో నెల. నేనెవరికీ చెప్పలేదు. ఆయనకు ఎట్లా తెలిసిందో ఆ దేవుడికే ఎరుక.

కాయితంలో మిగిలిపోయిన వెండి మందును కరిగించి బొమ్మను నిలబెట్టేది హైపో. అది కలిపే రోజు మాత్రం పిల్లలకు పండగ. కలకండ పలుకుల్లాంటి ఆ ఉప్పును కాచిన నీళ్ళలో పోసి కర్రతో తిప్పుతుంటే, పొగలు కక్కే నీళ్ళు చూస్తుండగానే చల్లబడిపోయేవి. సందులో పిల్లలు మే నెల ఎండలో పరుగెత్తుకొచ్చి ఆ జాడీని చేతులతో వాటేసుకునేవాళ్ళు. "ఇది కరిగేటప్పుడు నీళ్ళలో ఉండే వేడంతా లాక్కుంటాది. అందుకే సల్లనీళ్ళలో పోస్తే సగంలో నిలబడిపోతాది" అని చెప్పి, జాడీ ముట్టుకున్న చేతులన్నీ కొళాయి కింద తనే కడిగి పంపేవాడు. వాళ్ళకు కూడా ఇంకో నీళ్ళే.

వాన వచ్చిందంటే అందరం ఆరేసిన గుడ్డలు లోపలికి తెచ్చుకునేవాళ్ళం. ఆయన గంగాళాలు, బిందెలు, ట్రేలు అన్నీ బయటికి మోసేవాడు. పెరట్లో బావి ఉన్నా ఆ నీళ్ళు ఉప్పుకషాయం, మందు కలిపితే విరిగిన పాలలా తెల్లగా తెట్టు కట్టేది. కొళాయి వేసవిలో గాలి ఊదడానికి తప్ప పనికొచ్చేది కాదు. వాననీళ్ళు మాత్రం దేనినైనా కడుపులో పెట్టుకుంటాయనేవాడు. తడిసి ముద్దయి వాకిట్లో నిలబడి గంగాళం నిండుతుంటే చూసే ఆ ముఖం, ఆ ఒక్కప్పుడే, కొంచెం వెలిగేది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఇంత పట్టింపు మనిషి ఒకే ఒక్కసారి తప్పాడు. ఆ ఒక్కసారీ నా బిడ్డ ఫోటో దగ్గర.

ఏడాది నిండని బిడ్డకు ఫోటో తీస్తే ఆయుష్షు తగ్గుతుందని మా అత్తకు గట్టి నమ్మకం. మా వైపు చాలా ఇళ్ళల్లో అదే మాట. నేనూ ఎదురు చెప్పలేదు. పిల్లాడు కూర్చోవడం నేర్చిన రోజుల్లో, ఎండాకాలం, అత్త నగరి దగ్గర వాళ్ళ ఊళ్ళో పెళ్ళికి పోయి ఆ సాయంత్రం బస్సుకు తిరిగి రావాలి. నేను పిల్లాడికి నీళ్ళు పోసి, కాటుక పెట్టి, బుగ్గన ఇంత దిష్టిచుక్క దిద్ది, తొట్టి గట్టు మీద కూర్చోబెట్టాను. వాడు తొట్టి అడుగున మిగిలిన చారెడు నీళ్ళను అరచేత్తో కొడుతూ, ముఖాన పడ్డప్పుడల్లా కిలకిలమని నవ్వుతున్నాడు. ఆయన స్టూడియో గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. చూసి చూసి అన్నాడు.

"అమ్మా, ఈ నవ్వు రేపుండదు. పండ్లొస్తే ఇంకో నవ్వు వస్తాది. తీస్తానమ్మా?"

"అత్త చంపేస్తుందన్నా."

"ఆయమ్మ వచ్చేలోపల నీ చేతిలో పెడతా. నేనెవురికీ చెప్పను, గోడకు పెట్టను."

తీశాడు. అత్త దిగేలోపల ఫోటో ఇవ్వాలి. కొత్త హైపో కలపడానికి నీళ్ళు లేవు. అప్పటికి ఎన్ని ఫోటోలు మునిగి లేచాయో తెలియని పాత హైపోలోనే దాన్నీ వేశాడు. ఉన్న ఆ చారెడు నీళ్ళలోనే జాడించాడు. ఎండకు ఆరబెట్టి, ఫోటో ఒక కవరులో, ఫిలిం ఇంకో కవరులో పెట్టి నా చేతికిచ్చాడు. ఇచ్చేటప్పుడు కవరు వదలకుండా ఒక క్షణం అట్లాగే పట్టుకున్నాడు. "ఇంకో నీళ్ళు పడాల్సింది" అన్నాడు. నేను వింటేనా? కవరు లాక్కుని లోపలికి పరుగెత్తాను. ఫోటో పెట్టెలో పెళ్ళిచీర మడతల్లోకి పోయింది. ఫిలిం కుంకుమ డబ్బా అడుగున పెట్టాను.

ఆ ఎండలు ముదిరేసరికి వాంతులు, విరేచనాలు సందు సందంతా తిరిగాయి. మా ఇంటికీ వచ్చాయి. వాడి సంగతి అంతకన్నా రాయలేను.

పసుపు కుంకుమల కోసం అత్త ఆ డబ్బా తెరిచింది. ఫిలిం వెలుతురుకు పట్టి చూసింది. నల్లటి ముఖం, తెల్లటి జుట్టు, బుగ్గ మీద ఎక్కడా నల్లచుక్క లేదు. ఫిలింలో నల్లది తెల్లగా, తెల్లది నల్లగా కనపడుతుందని ఆమెకేం తెలుసు? ఆ నల్లటి బుగ్గ మీద కంటికి ఆననంత సన్నని తెల్లమచ్చ ఉంది, అదే చుక్క. ఆమె నల్లచుక్క కోసం వెతికింది.

"సుక్క గూడా పెట్టకుండా తీసకపోయి పెట్టె ముందర కూసోబెట్టినావా మే? బోసిమొగంతో కూసోబెట్టినావా నా మనవణ్ణి?" అంది. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

"పెట్టినానత్తా, ఇంత పెట్టినా. ఫిలింలో నల్లది తెల్లగ పడతాది" అన్నాను.

"నల్లది తెల్లగ యాడన్నా అవుతాదా?" అని ఫిలింను పొయ్యిలో వేసింది. భగ్గున మండింది.

ఫోటో చూపిస్తే తీరిపోయేది కదా అంటారు. చూపిస్తే అదీ పొయ్యిలోకి పోతుందని నా భయం. నాకు వాడిదంటూ మిగిలింది ఆ కాయితం ఒక్కటే. అందుకని నింద మోశాను. ఆయన మా గుమ్మం దగ్గరికి ఇంకెవరిదో ఫిలిం తెచ్చి, "సూడమ్మా, ఈయన మీసాలు నల్లటివే, ఈడ తెల్లగుండాయి" అని చెప్పబోయాడు. అత్త ఆయన ముఖం మీదే తలుపు వేసింది. ఆ రోజు నుంచి ఆమె ఆయనతో మాట్లాడలేదు, కొళాయి దగ్గర ఎదురుపడితే బిందె తీసుకుని వెనక్కి వచ్చేసేది. నాతో మాట్లాడేది. ఉప్పు చాలలేదు, గంజి వంచు, అంతవరకే. ఆ తర్వాత నా కడుపు పండలేదు. ఆ ఇంట్లో అత్తా నేనూ ఒకే బిడ్డ కోసం వేరువేరు గదుల్లో ఏడ్చాం.

కొన్నేళ్ళకు ఒక మధ్యాహ్నం అత్త నిద్రపోతుంటే పెట్టె తెరిచి ఫోటో చూసుకున్నాను. బిడ్డ పచ్చబడిపోయాడు. నవ్వు తెలియడం లేదు. చుక్క ఉండాల్సిన చోట టీ మరక లాంటి మచ్చ ఒకటి ఉంది. కొంగు చాటున పెట్టుకుని స్టూడియోకు పోయాను.

ఆయన దాన్ని తీసుకుని వెలుతురుకు తిప్పాడు. అప్పటికి జుట్టు నెరిసింది, కళ్ళద్దాలు వచ్చాయి. అద్దాలు తీసి పంచెతో తుడిచి మళ్ళీ పెట్టుకుని చూశాడు.

"ఇది నేను జేసిన పనే అమ్మా. నీళ్ళకుండేటట్ల హైపోకు గూడా కడుపుండాది. నిండినాక ఇంక తినలేదు. ఆ పొద్దు అది నిండిపోయిన హైపో. కరిగించాల్సింది కరిగించకుండా కాయితంలోనే దాసిపెట్టినాది. దాన్ని నీళ్ళు కడగలేవు. అది ఇన్నేండ్లు లోపల్నించి తింటానే ఉండాది."

"దీనికే ఇంకో ఫోటో తీయలేవా అన్నా?"

తీశాడు, ఆ వారంలోనే. బూడిద రంగు మీద బూడిద రంగు. తల ఆకారం ఒకటి తెలిసింది అంతే. "కంటికి కనపడేదే గదా కెమెరాకు కనపడేది" అని దాన్ని చించేశాడు. తర్వాత నెమ్మదిగా ఇంకో దారి చెప్పాడు. ముందు ఆ కాయితాన్ని కొత్త హైపోలో వేసి, లోపల దాగిన పాతదాన్ని కరిగించి, మంచి నీళ్ళలో పూర్తిగా కడగాలి. తర్వాత ఒక మందులో వేస్తే ఉన్న బొమ్మంతా తెల్లబడి మాయమవుతుంది. మాయమైనా కాయితంలోనే ఉంటుంది. డెవలపరులో పెడితే నల్లగా తిరిగి రావాలి.

"రావాలంటే? రాకపోతే?"

"హైపో రవంత మిగిలినా, తెల్లబడిన బొమ్మను అది కరిగించుకోని పోతాది. అప్పుడు తెల్లకాయితం."

"చేయకపోతే?"

"ఇంకో రెండు మూడు ఎండాకాలాలు. అప్పుడు గూడా తెల్లకాయితమే."

నేను ఆ రాత్రంతా ఆలోచించాను అనను. ఆలోచించడానికేముంది? పోయేవాడు ఎట్లాగూ పోతున్నాడు. చేయమన్నాను. ఆయన మాత్రం వెంటనే చేయలేదు. "వాన రానీ" అన్నాడు.

ఆ ఏడు వాన ఆలస్యంగా వచ్చింది. నేను రోజూ కొండ వైపు మబ్బు చూసేదాన్ని. ఆయనా గుమ్మంలో నిలబడి అటే చూసేవాడు. ఒకరితో ఒకరం ఏమీ అనుకునేవాళ్ళం కాదు. చివరికి ఒక రోజు కపిలతీర్థం వైపు నుంచి కమ్ముకొచ్చి దంచికొట్టింది. గంగాళాలన్నీ నిండాయి. మర్నాడు పొద్దున నన్ను పిలిచాడు.

ఈ పనికి చీకటి గది అక్కర్లేదట. వాకిట్లో, తొట్టి గట్టు మీద, వాడు కూర్చున్న చోటే ట్రేలు పెట్టాడు. హైపో నుంచి తీసి కడగడం మొదలుపెట్టాడు. గంగాళం తర్వాత గంగాళం. చుక్క నాలుకకు రాసుకునేవాడు, "ఇంకో నీళ్ళు" అనేవాడు, నేను పోసేదాన్ని. ఎండ నడినెత్తికి వచ్చింది. నీళ్ళు అయిపోవచ్చాయి. అప్పుడు పసుపుపచ్చటి మందులో వేశాడు. వాడు నా కళ్ళ ముందే పోయాడు. ముందు ముఖం, తర్వాత చేతులు, చివరికి ఆ టీ మరక. వట్టి కాయితం. నేను రెండోసారి చూస్తున్నాను అది. ఆయన కాయితాన్ని మళ్ళీ కడిగి డెవలపరులోకి జార్చి, ట్రే మూల పట్టుకుని ఊపుతూ, "రా నాయనా, రా" అన్నాడు. బుజ్జగించి అన్నం పెట్టేవాళ్ళ గొంతు అది.

ముందు చుక్క వచ్చింది. బుగ్గ లేదు, ముఖం లేదు, తెల్లకాయితం నడుమ నల్లగా గుండ్రంగా చుక్క. తర్వాత రెండు కళ్ళకాటుకలు. తర్వాత చేతుల నల్లగాజులు, మొలతాడు. దిష్టి తగలకుండా నేను పెట్టినవన్నీ వరసగా వచ్చాయి. ఆయన ఊపుతూనే ఉన్నాడు. ముఖం రాలేదు. నవ్వు రాలేదు.

"నల్లగుండే తావున వెండి నిండా ఉంటాది" అన్నాడు, ఎవరికో చెబుతున్నట్టు. "మొగం తెలుపు గదా, రవంతే ఉంటాది. ఆ రవంత హైపో ముందే తినేసింది." ఆ తర్వాత తల ఎత్తలేదు. కాయితాన్ని తీసి మిగిలిన వాననీళ్ళలో కడగసాగాడు. ఇంకో నీళ్ళు. ఇంకో నీళ్ళు. కడిగితే ముఖం వస్తుందన్నట్టు కడుగుతున్నాడు. గంగాళంలో అడుగు కనపడుతోంది.

"చాలన్నా" అన్నాను. ఆయనకు ఆ మాట చెప్పిన మనిషిని నేనొక్కదాన్నే అనుకుంటాను. ఆగాడు.

నేను తడికాయితం అరచేతుల్లో పెట్టుకుని వెనక్కి తిరిగితే మా గుమ్మంలో అత్త నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి చూస్తోందో తెలియదు. దాచడానికి నాకు కొంగు కూడా అందలేదు. ఆమె వచ్చి చూసింది. వయసుకు చూపు మందగించింది, కాయితం దగ్గరగా పట్టుకుని వేలితో చుక్క చుట్టూ తడిమింది.

"పెట్టినావు మే" అంది. "పెట్టినావు."

అంతే. ఇన్నేళ్ళ తర్వాత నా తల మీద చెయ్యి పెట్టింది. పెట్టి, నన్ను దాటుకుని తొట్టి దగ్గరికి పోయింది. ఆయన ఇంకా గొంతుక్కూర్చునే ఉన్నాడు, నీళ్ళలో చేతులు పెట్టుకుని.

"మొగం రాలేదమ్మా" అన్నాడు ఆయన, ఆమె కాళ్ళకేసి చూస్తూ. "ఆ పొద్దు కొత్త హైపోకు ఇంకో నీళ్ళు పోసింటే మొగం గూడా ఉండేది."

"ఆ ఎండాకాలం ఎవురింట్లో ఉన్నాయప్పా నీళ్ళు?" అంది అత్త. "లే. లేసి కాఫీ తాగు."

ఆమె తనే కాఫీ కలిపి తెచ్చింది. ఆయన గ్లాసు పట్టుకుని అట్లాగే కూర్చున్నాడు, తాగలేదు. ఆ తర్వాత తొట్టి దగ్గర ఆయన్ను ఎక్కువ చూడలేదు. కడిగే పని కొడుక్కు అప్పగించాడు. కొడుకు తొందరగా కడిగేవాడు, ఈయన ఏమీ అనేవాడు కాదు. వచ్చినవాళ్ళకు అడిగినప్పుడే ఫోటో ఇచ్చి పంపేవాళ్ళు. వ్యాపారం బాగుపడిందని సందులో చెప్పుకున్నారు.

అత్త పోయి చాలా కాలమైంది. ఆ కాయితం నా దగ్గరే ఉంది. చుక్క ఇంకా నల్లగా ఉంది, ఇంక మారదు. ఆ రోజు కడిగిన కడగడం అటువంటిది. నవ్వు మాత్రం నేను కళ్ళు మూసుకుని చూసుకోవాలి. ఈమధ్య కళ్ళు మూసుకున్నా వాడి ముఖానికి బదులు, ట్రే ఊపుతూ "రా నాయనా" అంటున్న ఆయన ముఖమే వస్తోంది.

పెద్దకర్మలో ఆయన కొడుకు దోసిట్లోంచి నువ్వులూ నీళ్ళూ వదులుతున్నాడు. అయ్యవారికి ఇంకెక్కడికో పోవాల్సిన తొందర ఉన్నట్టుంది, చెంబులో సగం నీళ్ళుండగానే "చాలు నాయనా, లే" అన్నాడు. కొడుకు లేచాడు. అందరూ భోజనాలకు కదిలారు. కుర్చీ మీద ఆ ముఖం లేని ఫోటో, ముందు చెంబు మిగిలాయి. నేను చుట్టూ చూసి, ఎవరూ చూడకుండా ఆ చెంబు తీసుకుని, మిగిలిన నీళ్ళు ఆయన ముందు నేల మీద నిదానంగా, చివరి చుక్క దాకా పోశాను.